విల్లు పట్టిన కూతురు, కనబడని తల్లి

వేసవి సెలవులలో మన యిండ్లలోని ఆడపిల్లలు టెలివిజను ముందును, చేతి ఫోనుల ముందును కూర్చుండి చూచు చిత్రములను తల్లులు సాధారణముగా వంటింటినుండి చెవులతోనే చూచుచుందురు. కత్తుల చప్పుడు, తుపాకుల మ్రోత, నడుమ నడుమ ఒక బాలిక కేక. ఒక మారు తొంగి చూచినచో తెరపై పట్టుమని పండ్రెండేండ్లు లేని పిల్ల పదిమంది మగవారిని నేల గూల్చుచుండును. 'ఇదెక్కడి విపరీతమమ్మా!' అని అత్తగారు బుగ్గలు నొక్కుకొందురు. 'ఇన్నాళ్లకు ఆడపిల్లకును ఒక కాలము వచ్చినది' అని కళాశాలలో చదువుకొను కూతురు సంతసించును. ఈ రెండు మాటలలోను కొంత సత్యము లేకపోలేదు. కాని యిరువురును ఆ పిల్ల చేతిలోని ఆయుధమునే చూచుచున్నారు. నాకు మాత్రము ఇట్టి చిత్రములను చూచినప్పుడెల్ల వేఱొక సందేహము కలుగుచుండును. ఈ పిల్ల తల్లి యెక్కడ?

సోదరీమణులారా, నవ్వకుడు. సందేహము చిన్నదే గాని, దానిని పట్టుకొని పోయినచో చాలదూరము పోవచ్చును.

స్త్రీ ఆయుధము పట్టుట మనకు క్రొత్త కాదు. పోతన భాగవతము దశమస్కంధమున సత్యభామ నరకాసురునితో చేసిన యుద్ధమును పురాణశ్రవణమునకు వెళ్లిన ప్రతి ముసలమ్మయు వినియే యుండును. అక్కడ కవి చేసిన చమత్కార మొకటి గలదు. సత్యభామ యిటు శత్రువును, అటు భర్తను చూచుచు, ఒకే సమయమున ఒకనికి భయంకరియు, ఒకనికి మనోహారిణియు నై కనబడును. ఆ పద్యముల అందమును నేను కాదనను. ఐనను స్త్రీ పోరాడుచున్నప్పుడు సయితము చూచువాని కంటికి ఇంపుగా నుండవలెనను నియమ మెంత పాతదో వానివలన తెలియుచున్నది. తెరబొమ్మలు వచ్చిన పిదప ఆ నియమము తెరమీదికి నడచి వచ్చినది.

1935వ సంవత్సరమున బొంబాయిలో వాడియా మూవీటోనువారు 'హంటర్‌వాలీ' యను చిత్రమును వెలువరించిరి. ముసుగు వేసికొని, కొరడా ఝళిపించుచు, గుఱ్ఱమెక్కి దుర్మార్గులను శిక్షించు రాకుమారి మాధురిగా నటించిన నాదియా ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున జన్మించిన వనిత. అసలు పేరు మేరీ ఆన్ ఎవాన్స్. సర్కసులో పనిచేసి వచ్చినదగుటచే దూకుటలు, ప్రాకుటలు తానే చేసెడిది. ఆ చిత్రము ఆడినన్నాళ్లు హాళ్లలో ఈలలే యీలలట. మన తెలుగు తెరపై 1990లో 'కర్తవ్యం'లో పోలీసు అధికారిణిగా నటించి విజయశాంతి జాతీయ ఉత్తమనటి పురస్కారమును పొందెను. వీరిద్దరును వయస్సు వచ్చిన స్త్రీలు. తాము చేయునదేమో తెలిసి చేయు స్త్రీల పాత్రలవి. ఈ పదునైదేండ్లలో తెరకెక్కిన వీరబాలిక వేఱు. ఆమెకు 11 ఏండ్లో, 14 ఏండ్లో, 16 ఏండ్లో. అనగా మన యింట రెండు జడలు వేసికొని బడికి పోవు పిల్ల. కనుకనే ఆమెను గూర్చి ఆలోచింపవలసిన అవసరము మనకు ఎక్కువగా నున్నది.

2010లో వచ్చిన 'కిక్ యాస్' అను ఆంగ్లచిత్రమును ముందుగా తీసికొందము. అందులో మిండీ యను 11 ఏండ్ల బాలిక ఊదారంగు పెట్టుడు జుట్టు, ముసుగు ధరించి, 'హిట్ గర్ల్' అను మాఱుపేరుతో దొంగలను చంపుచుండును. ఆ వేషమును ధరించిన క్లోయీ గ్రేస్ మొరెట్జ్ 1997లో జన్మించినది. ఆమెయు అప్పటికి ఆ యీడు పిల్లయే. మిండీ మనకు తొలిసారి కనబడు ఘట్టమేమనగా, నిర్జన ప్రదేశమున తండ్రి కొన్ని అడుగుల దూరమున నిలిచి కూతురి రొమ్మునకు తుపాకి గురిపెట్టియుండును. పిల్ల తూటాలు దూరని కవచము తొడుగుకొని యుండును. అతడు కాల్చును. పిల్ల వెల్లకిల పడి, లేచి, తరువాత ఐస్‌క్రీము కొనియిచ్చునట్లు బేరమాడి, మఱల నిలబడును. పుట్టినరోజునకు ఏమి కావలెనని తండ్రి యడుగగా, కుక్కపిల్ల కావలెనని పరిహాసమాడి, ఆయన ముఖము వెలవెలబోవుట చూచి, కాదు కాదు, కత్తి కావలెనని నవ్వును.

ఈ ఘట్టములలో నవ్వు రాదని నేననను. వచ్చును. ఆ నవ్వు వచ్చుటయే దర్శకుడు మాథ్యూ వాన్‌కు కావలసినది. చిత్రము వెలువడినప్పుడు దీనిపై గొప్ప వాదము చెలరేగెను. అమెరికాలో పేరుపొందిన విమర్శకుడు రోజర్ ఈబర్ట్ దీనికి ఒక్క నక్షత్రము మాత్రమిచ్చి, నీతిదృష్టిలో గర్హ్యమని త్రోసివేసెను. మఱికొందఱు ఆ పసినోట వచ్చిన బూతుమాటకు ఉలికిపడిరి. చిత్రమేమనగా, ఆ చిన్నారి చేసిన హత్యలకన్న ఆ యొక్క మాటకే ఎక్కువమంది బాధపడిరి! ఆడపిల్ల చంపవచ్చును గాని చెడ్డమాట మాత్రము పలుకరాదని లోకము తీర్పు గాబోలు.

మిండీ తల్లి లేదు. భర్తను అన్యాయముగా చెఱసాలకు పంపిన దుఃఖమున ఆమె మరణించెనని కథలో రెండు నిమిషములలో చెప్పి ముగింతురు. తండ్రి బయటికి వచ్చి, పగ తీర్చుకొనుటకై కూతురిని ఆయుధముగా పెంచెను. ఆ పిల్లకు బాల్యమును బాకీపడితివని అతని పాతస్నేహితుడొకడు హెచ్చరించును కూడ. ఐనను కథ ఆ మాటవద్ద నిలువదు. ఆ బాకీని ఎవరు తీర్తురని అడుగదు. ఈ చిత్రమునకు కథనము వ్రాసినవారిలో జేన్ గోల్డ్‌మన్ అను స్త్రీయు గలదని విని, కలము స్త్రీ చేతిలో నున్నంత మాత్రమున తల్లి బ్రదుకునను ఆశ నేను వదలుకొంటిని.

మఱుసటి సంవత్సరము, 2011లో, జో రైట్ తీసిన 'హన్నా' వచ్చెను. ఇది నాకు మఱింత నచ్చిన చిత్రము; దుఃఖము కలిగించిన చిత్రము కూడ నిదియే. ఫిన్లాండు దేశపు మంచుటడవులలో గూఢచారి యైన ఎరిక్ తన కూతురిగా హన్నాను పెంచును. వేటాడుట, పోరాడుట, పలుభాషలు మాట్లాడుట నేర్పును. సంగీతమనగా నేమో నిఘంటువులోని అర్థము చెప్పగలదు గాని, ఒక్క పాటయైన విని యెఱుగదు. ఆ పిల్ల అడవి విడిచి లోకములోనికి వచ్చి, మొరాకోలో ఒక పూటకూటి యింట దిగును. అక్కడ విద్యుద్దీపము వెలుగుట, పంకా తిరుగుట, నీళ్లు కాగు పాత్ర కూయుట, టెలివిజను మాటలాడుట ఒక్కసారి మొదలగును. తుపాకులకు జంకని పిల్ల ఆ నీళ్ల పాత్రకు జడిసి పరుగెత్తును. ఆ ఘట్టమును నేను రెండుమార్లు చూచితిని. మన వంటింటిలో దినమునకు నాలుగుమార్లు వినబడు చప్పుడది! ఆ పిల్లకు ఎవరును ఒక యిల్లు చూపలేదు. ఇల్లు చూపవలసిన మనిషి తూటాలకు బలియై పోయినది.

దారిలో హన్నాకు సోఫీ యను తన యీడు పిల్లతోను, ఆ పిల్ల కుటుంబముతోను స్నేహము కలుగును. ఒక రాత్రి ఆ యిద్దఱు పిల్లలు ఒక గుడారమున ప్రక్క ప్రక్కన పడుకొని గుసగుసలాడుదురు. ఆ కొద్ది నిమిషములలో హన్నా ముఖమున కనబడు వెలుగు చిత్రమంతటిలో మఱెక్కడను లేదు. కాని పోరాట చిత్రమునకు గుసగుసలతో పని యేమి? తఱుముకొని వచ్చువారు వత్తురు. సోఫీ కుటుంబ మేమైనదో కూడ చెప్పక చిత్రము పరుగెత్తి పోవును. 2017లో వచ్చిన 'లోగన్'లో లారా యను పిల్ల ప్రయోగశాలలో పుట్టినది. చేతులనుండి లోహపు గోళ్లు వచ్చును. చిత్రములో చాలభాగము మాటాడదు. ఆమె తల్లిని గూర్చి వ్రాయుటకే యేమియు లేదు.

ఇక్కడ మఱొక సంగతి గమనింపుడు. తల్లులు లేని యీ చిత్రములలో వయస్సు మీఱిన స్త్రీలు అసలే లేరా యనిన, ఉన్నారు. హన్నాను తఱుమునది మరిస్సా యను నడివయస్సు అధికారిణి. పండ్లు తోముటయందు అతిశ్రద్ధ గలిగి, చక్కని దుస్తులు ధరించి, బిడ్డలు లేని యామెయే ఆ కథకు రాక్షసి. పడుచుపిల్ల వీరురాలు కావలెనన్న, పెద్దది చచ్చియైన నుండవలెను, మతిచెడియైన నుండవలెను, దుష్టురాలైన కావలెను. మన జానపద కథలలోని సవతితల్లి ఎక్కడికిని పోలేదు. కోటు తొడుగుకొని, తుపాకి పట్టుకొని ఆంగ్లచిత్రములలో చేరినది.

'ఇందులో స్త్రీవాదమునకు వచ్చిన నష్టమేమి? ఆడపిల్ల బలము గలదని చూపుచున్నారు కదా!' యని చదువుకొన్న సోదరి యెవరైన నన్నడుగవచ్చును. నా యభిప్రాయము చెప్పెదను. బలము చూపుచున్నారు, నిజమే. కాని ఆ బలము ఎవరిది? తండ్రి పగకో, రాజ్యపు పనికో, ప్రయోగశాల లాభమునకో తయారైన బలమది. ఆడపిల్లను మగపిల్లవానివలె పెంచి, ఆడవారందఱినుండి దూరము చేసి, అప్పుడు 'చూడుడు, ఎంత ధీర!' అనుచున్నారు. 2015లో గుణశేఖరు తీసిన మన 'రుద్రమదేవి' చిత్రమునను రాజు కూతురిని కొడుకని లోకమును నమ్మించి పెంచుటయే కథకు మూలము. ఓరుగంటి నేలిన ఆ మహారాణిని శాసనములు రుద్రదేవ మహారాజని పురుషనామముతో పేర్కొన్నమాట చారిత్రకమే. 13వ శతాబ్దమున అది రాజ్యము నిలుపుకొనుటకు చేసిన ఉపాయము. 21వ శతాబ్దపు చిత్రకథకులకును అదే యుపాయము కావలసి వచ్చుట వింత గాదా?

ఇది తెరపై ముగియు విషయమైన నేనింత వ్రాయకపోదును. 13, 14 ఏండ్ల పిల్ల తల్లిని చూచు చూపు మాఱు వయస్సు. 'అమ్మకేమి తెలియును!' అను మాట మొదటిసారి మనస్సులో మెదలు కాలమది. అప్పుడు చూచిన ప్రతి కథయు, ధైర్యమునకు దారి నాన్నగారి చేతినుండి వచ్చును, అమ్మను దాటినగాని ఆ దారి దొరకదు అని చెప్పినచో, ఆ పిల్ల దేనిని నమ్మును? తల్లియు తనను గూర్చి తాను దేనిని నమ్మును?

ఇందుకు కొంత భిన్నముగా నడచినది 'హంగర్ గేమ్స్' కథ. సుజాన్ కాలిన్స్ అను రచయిత్రి 2008లో ప్రకటించిన నవల 2012లో చిత్రమైనది. పానెం అను కల్పితరాజ్యమున 12 మండలములు గలవు. ఏటేట ఒక్కొక్క మండలమునుండి 12 మొదలు 18 ఏండ్ల వయస్సు గల ఒక బాలుని, ఒక బాలికను చీటీ తీసి యెన్నుకొని, ఆ 24 మందిని ఒకచోట విడిచి, ఒక్కరు మిగులువరకు చంపుకొనునట్లు చేసి, దానిని దేశమంతయు వేడుకగా చూచును. చీటీ 12 ఏండ్ల చెల్లెలి పేర వచ్చినప్పుడు, 16 ఏండ్ల కాట్నిస్ ఆమెకు మాఱుగా తాను ముందుకు వచ్చును.

ఈమెకును విల్లు తండ్రి నేర్పినదే. ఆయన బొగ్గుగనిలో ప్రేలుడున మరణించెను. తల్లి బ్రదికియే యున్నది గాని, భర్త పోయిన దిగులున మాటపలుకు లేక కూర్చుండిపోయెను. అప్పుడు ఆ పిల్ల విల్లు పట్టినది ఎవరిని చంపుటకును గాదు, పొయ్యి వెలిగించుటకు. ఉడుతలను కొట్టి దొంగసంతలో నమ్మి, చెల్లెలికి అన్నము పెట్టినది. వీరత్వము వంటింటినుండి బయలుదేరిన కథ యిది! చిత్రములో నా మనస్సున నాటుకొన్నది బాణములు విసరుట గాదు. ప్రయాణమునకు ముందు వీడ్కోలు చెప్పుకొనుటకు కొద్ది నిమిషములు గడువిత్తురు. కూతురు తల్లి భుజములు పట్టుకొని, మునుపటివలె మఱల మౌనములో మునిగిపోవలదని, చిన్నదానికి నీవు తప్ప ఎవరును లేరని గట్టిగా చెప్పును. కూతురు తల్లిని కోపించుచున్నది. అయినను తల్లిపై భారము మోపుచున్నది. ఆమె మోయగలదని నమ్మి మోపుచున్నది. పోరాట చిత్రములలో తల్లికి ఇంత మర్యాద అరుదు.

పోరాటమునకు పంపుటకు ముందు ఆ పిల్లను అలంకరించు ఘట్టములను కూడ మీరు శ్రద్ధగా చూడుడు. ఒడలి వెండ్రుకలు పెఱికి, ముఖమునకు రంగులు పూసి, మెఱయు గౌను తొడిగి, వేదికపై చిఱునవ్వు నవ్వుమందురు. ప్రజలకు నచ్చినగాని ప్రాణము దక్కదు. సత్యభామను గూర్చి నేను పైన చెప్పిన నియమమును ఈ కథ దాచక బయటబెట్టి, ఇది క్రూరత్వమని చూపినది. తరువాత, రూ యను మఱొక మండలపు 12 ఏండ్ల పిల్ల చనిపోయినప్పుడు కాట్నిస్ పరుగాపి, ఆ చిన్నదేహము చుట్టును పూలు పేర్చును. ఆ పూలనుండియే తిరుగుబాటు పుట్టెను. ఇట్టి చిత్రములను ఎవరు చూతురని పెదవి విఱిచినవారికి లెక్కలు జవాబు చెప్పినవి. 2013లో వచ్చిన రెండవభాగము ఆ సంవత్సరమున అమెరికాలో అన్నిటికన్న ఎక్కువ వసూలు చేసిన చిత్రమయ్యెను. అయితే 2015లో వచ్చిన చివరిభాగమున తిరుగుబాటునకు నాయకురాలైన నెరసిన తల అధ్యక్షురాలు కాయిన్ కూడ దుష్టురాలే యని తేలును. కథ ముందే చెప్పుచున్నానని కోపింపకుడు. సవతితల్లి ఇక్కడను తప్పలేదు.

పోరాట చిత్రమని పూర్తిగా ననలేము గాని, 2010లో కోయెన్ సోదరులు తీసిన 'ట్రూ గ్రిట్'ను విడువలేను. తండ్రిని చంపినవానిని పట్టించుటకు 14 ఏండ్ల మాటీ ఊరు విడిచి వచ్చును. ఆమెకు కత్తిసాము రాదు. ఉన్నది బేరమాడు నేర్పు, చట్టపు తెలివి. గుఱ్ఱముల వర్తకునితో పైకము కొఱకు ఆమె వాదించు ఘట్టము ఏ యుద్ధమునకు తీసిపోదు. మన కూరగాయల సంతలో పండిపోయిన పెద్దమ్మలు ఆ పిల్లను చూచి ఆశీర్వదింతురు. చివరకు తుపాకి పేల్చినప్పుడు ఆ దెబ్బకే గోతిలో పడి, పాముకాటువలన చేయి పోగొట్టుకొనును. హింసకు మూల్యము కలదని చెప్పిన కొద్ది చిత్రములలో నిది యొకటి. ఇంచుమించు ప్రతి దృశ్యమునను కనబడు ఆ పాత్రను ధరించిన హెయిలీ స్టైన్‌ఫెల్డ్‌ను ఆస్కారు బహుమానమునకు 'సహాయనటి' వర్గమున పేర్కొనిరి. ఎవరికి సహాయమో!

ఇక మన దేశపు మాట. 2016లో వచ్చిన 'దంగల్' హర్యానాలోని ఫోగాట్ సోదరీమణుల కథ. అక్క గీత 2010లో ఢిల్లీలో జరిగిన కామన్వెల్తు క్రీడలలో 55 కిలోల కుస్తీలో స్వర్ణపతకము గెలిచిన మాట మీకు తెలిసినదే. చిత్రమున తండ్రి పిల్లల జుట్టు కత్తిరించి, తెల్లవారకముందే లేపి పరుగెత్తించును. పిల్లలు విసిగి ఒక పెండ్లికి పోయి ఆడిపాడుదురు. పెండ్లికూతురు 14 ఏండ్ల పిల్ల. మా నాన్న మాకు శత్రువని వీరు మొఱపెట్టగా, మీ తండ్రి మిమ్ములను బిడ్డలుగానైన తలచుచున్నాడు, నన్నో, బరువు దింపుకొనుచున్నారు అను భావమును ఆ పెండ్లికూతురు కన్నీటితో చెప్పును. 2006 నాటి చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండని పిల్లకు పెండ్లి చేయుట నేరమని ఎఱిగిన మనకు ఆ దృశ్యము గుండెలో గ్రుచ్చుకొనును. తండ్రి కలను కూతుళ్ల నెత్తిన రుద్దినాడని కొందఱు ఆక్షేపించిరి. ఆ పెండ్లికూతురిని చూచిన తరువాత ఆ యాక్షేపణ నా నోట రాలేదు.

మఱి తల్లి? ఉన్నది, సజీవముగా నున్నది. సాక్షీ తన్వర్ వంటి మంచి నటి ధరించినది. కాని ఆమె గుమ్మమువద్ద నిలిచియున్నది. ఆమెకు లభించిన గట్టి పోరాటము కోడికూర గుఱించినది! బిడ్డలకు బలమునకై మాంసము పెట్టవలెనని భర్త యనగా, నా వంటింట వండనీయనని ఆమె పట్టుపట్టును. వంట వేఱుగా చేసికొందురు. కుస్తీపట్టు పట్టినది కూతుళ్లు, పట్టించినది తండ్రి. ఇన్నేండ్లు రెండు కుండల నడుమ వేగుచు ఆ యింటిని నిలిపినదాని కేమి తోచెనో అడుగుటకు చిత్రమునకు తీరిక లేకపోయెను.

ఇన్ని చూచిన పిదప, తల్లిని చంపకయే ఆడపిల్లను వీరురాలిని చేసిన కథ లేదా యనిన, నాకు తెలిసినంతలో మిక్కిలి చక్కనిది బొమ్మల చిత్రము. 2012లో పిక్సారువారు తీసిన 'బ్రేవ్'. అంతకుముందు ఆ సంస్థవారు 12 చిత్రములు తీసిరి గాని, ఒక్కదానిలోను బాలిక ప్రధానపాత్ర కాదు. బ్రెండా చాప్‌మన్ అను దర్శకురాలు తనకును తన కూతురికిని నడుమ జరుగు పెనుగులాటనుండి ఈ కథ నల్లెను. పని నడుమ ఆమెను తొలగించి, మార్క్ ఆండ్రూస్‌కు అప్పగించిరి. ఐనను 2013లో ఈ చిత్రమునకు ఆస్కారు వచ్చినప్పుడు ఇద్దఱును అందుకొనిరి. బొమ్మల చిత్రముల వర్గమున ఆ బహుమానము పొందిన తొలి స్త్రీ చాప్‌మనే.

కథ స్కాట్లండు కొండలలో జరుగును. రాకుమారి మెరిడాకు ఎఱ్ఱని చిక్కుజుట్టు. చిన్ననాడు తండ్రి విల్లు బహూకరించెను. ఇక్కడను విల్లిచ్చినది తండ్రియే, గమనించితిరి కదా! తల్లి ఎలినోర్ రాణి మాత్రము కూతురికి నడక, మాట, కూర్చుండుట నేర్పుచు, ఆయుధములు భోజనపు బల్లపై పెట్టవలదని మందలించుచుండును. స్వయంవరము ప్రకటింతురు. మూడు వంశముల జ్యేష్ఠపుత్రులు పోటీకి వత్తురు. పోటీ యేదియో నిర్ణయించు హక్కు రాకుమారిది. ఆమె విలువిద్య యనును. మగపిల్లలు ముగ్గురు ఎట్లో వేసి ముగించిన పిమ్మట, నేనును నా వంశమునకు జ్యేష్ఠసంతానమునే, నా చేతికై నేనే పోటీపడుదునని వచ్చి నిలిచి, మూడు గుఱులను కొట్టును. మన ద్రౌపదీస్వయంవరమున మత్స్యయంత్రమును కొట్టినది అర్జునుడు. ద్రౌపది పూలమాలతో వేచియున్నది. ఇక్కడ పూలమాల పట్టవలసిన పిల్లయే విల్లు పట్టినది. విల్లు వంచుటకు వీలులేనంత బిగువుగా తల్లి తొడిగిన గౌను కుట్లు ఆ సమయమున పటపట తెగిపోవును.

మఱొక చిత్రమైన కథ ఇంతటితో ముగిసెడిది. ఇక్కడ మొదలగును. తల్లి కోపముతో విల్లును మంటలో వేసి, వెంటనే గుండె నీరై చేతితో బయటికి లాగును. కూతురు కోపముతో కత్తి దూసి, కుటుంబమును చిత్రించిన కుట్టుపని తెరపై తల్లికిని తనకును నడుమ చీల్చును. మంత్రగత్తె నడిగి తల్లి మనస్సు మార్చుకొన నెంచగా, తల్లి ఎలుగుబంటి యగును! అడవిలో ఆ ఎలుగుబంటికి చేపలు పట్టుట కూతురు నేర్పును. సభలో పెద్దలు కొట్లాటకు సిద్ధపడినప్పుడు, వెనుక దాగిన ఎలుగుబంటి తల్లి సైగలు చేయుచుండగా కూతురు వారికి నచ్చజెప్పును. తల్లి బాల్యమునుండి విసిగించుచు నేర్పిన సభామర్యాదయే ఆ దినమున రాజ్యమును కాపాడును. తరువాత ఆ పిల్ల గుఱ్ఱముపై పరుగెత్తుచు, సూది దారము తీసికొని తాను చీల్చిన తెరను తానే కుట్టును. అసలు దుష్టమృగము మీదపడినప్పుడు కూతురిని కాపాడుటకు పోరాడునది తల్లి.

విల్లు గొప్పదా, సూది గొప్పదా యని ఈ చిత్రము తగవు పెట్టలేదు. విల్లు పట్టిన పిల్లకు సూది యవసరమైనది. సూది పట్టిన తల్లికి పంజా యవసరమైనది. నేను స్త్రీవాదమని దేనిని తలతునో అది ఆ రెండుగంటలు కూడ లేని పిల్లల చిత్రములో, హిట్ గర్ల్ కత్తులన్నిటికన్న ఎక్కువగా నాకు దొరకినది.

ఇంత మంచి కథకు సయితము తరువాత ఏమైనదో వినుడు. 2013లో డిస్నీవారు మెరిడాను తమ రాకుమార్తెల వరుసలో చేర్చు సందర్భమున క్రొత్త బొమ్మ నొకదానిని విడుదల చేసిరి. అందులో ఆమె నడుము సన్నగిల్లినది. భుజములు బయటబడు తళతళల గౌను వచ్చినది. చిక్కుజుట్టు చక్కదిద్దుకొన్నది. విల్లు మాయమైనది! చిత్రములో పటపట తెగిన కుట్లను వర్తకులు మఱల బిగించి కుట్టిరన్నమాట. చాప్‌మన్ బహిరంగముగా నిరసించెను. తల్లులు, ఆడపిల్లలు, ఇతరులు 2 లక్షలకు మించి సంతకములు చేసిన విజ్ఞాపన పంపిరి. ఆ సంస్థవారు క్రొత్త బొమ్మను తమ రాకుమార్తెల పుటనుండి తీసి, చిత్రములోని పాతబొమ్మనే యుంచిరి. తెర మీది కథను మార్చుటకు మనకు శక్తి లేదని అనుకొను సోదరీమణులు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొందురు గాక.

ఇప్పుడు ఏవి చూపవచ్చును, ఏవి చూపరాదని మీలో పలువురు అడుగుదురని ఎఱుగుదును. 'కిక్ యాస్', 'లోగన్' పిల్లల చిత్రములు కావు. అమెరికాలోనే 17 ఏండ్లు నిండనివారిని పెద్దలు తోడు లేక లోనికి రానీయరు. పిల్ల వేషము చూచి పిల్లలదని మోసపోకుడు. 'హంగర్ గేమ్స్' 13 ఏండ్లు దాటిన పిల్లలతో కలిసి చూడవచ్చును. వీడ్కోలు ఘట్టమున ఫోను ప్రక్కన పెట్టుడు. 'హన్నా' మఱి రెండేండ్లు ఆగి. 'దంగల్' ఇంటిల్లిపాదియు చూడవచ్చును. ముగిసిన పిమ్మట, ఆ తల్లియే కథ చెప్పినచో ఏమి చెప్పియుండునని మీ పిల్లల నడిగి చూడుడు. మా యింట ఆ ప్రశ్నకు ఒకరికొకరు పొంతన లేని జవాబులు చెప్పి రాత్రి పదకొండు దాటించిరి. 'బ్రేవ్' చిన్నవారికిని తగును. కాని చివరను ఎలుగుబంట్లు రెండును కలియబడు ఘట్టమున ఐదేండ్ల లోపు బిడ్డలు జడియుదురు. అప్పటికి వంటపని ముగించుకొని వచ్చి, దీప మార్పక, ప్రక్కన కూర్చుండుడు.